వీపు మీద చెయ్యి

ఆడుతున్న సాంచా ముందు నిలబడ్డ మనిషిని వెనకనుంచి ముట్టుకోకూడదు. భివండీలో మా తెలుగువాళ్ల కార్ఖానాల్లో పనికి కొత్తగా వచ్చినవాళ్లకు జీతం మాటకంటే ముందు ఈ మాట చెప్పేవాళ్లు. సాంచా అంటే మరమగ్గం. షెడ్డు నిండా అవి ఆడుతుంటే పక్కమనిషి గొంతు చించుకున్నా వినపడదు. చాయ్ అందించాలన్నా, ఇంటినుంచి కబురొచ్చిందని చెప్పాలన్నా చుట్టూ తిరిగి వెళ్లి ఆ మనిషి కళ్లెదుట నిలబడాలి. నర్సింగాన్ని ఒకసారి ఎవరో వెనకనుంచి భుజం తట్టారు. ఉలిక్కిపడ్డ చెయ్యి సాంచాలోకి పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ధామన్కర్ నాకా కూడలి దగ్గర నర్సింగం ఎడమచేత్తో పాన్‌లు కట్టాడు.

రూత్ చిన్నప్పటినుంచీ ఆ షెడ్లలోనే పనిచేసింది. దారాన్ని కండెలకు చుట్టడం, చుట్టిన కండెల్ని గంపలో పెట్టుకొని సాంచా సాంచాకూ అందించడం ఆమె పని. రోజంతా మనుషుల చుట్టూ తిరిగి ఎదుటికి వెళ్లడమే. పెళ్లయ్యాక ఇంట్లో కూడా అంతే. మొగుడు గోడవైపు తిరిగి కూర్చున్నా ఆ ఇరుకు గదిలో గోడకూ అతనికీ మధ్య దూరి మరీ "బువ్వ తిందువు రా" అనేది. పక్క గదిలో ఉండే నేను అది చూసి నవ్వుకునేవాణ్ణి. ఆ అలవాటే ఒక చలికాలం వాళ్లిద్దరి ప్రాణాల మీదికి తెస్తుందని అప్పుడు తెలియదు.

మొగుడి పేరు నోవహు. చెడిపోయిన సాంచాలు బాగుచేసే జాబర్ పని చేసేవాడు. విడిభాగాల కోసం ధామన్కర్ నాకా దగ్గర భూషణ్ దుకాణానికి వెళ్లేవాడు. ఆ దుకాణం కప్పుకు ఒక తెల్లటి చిన్న విమానం దారంతో వేలాడుతుండేది. నోవహు పికర్లు, బెల్టులు కొనుక్కుంటూ దానివైపే చూసేవాడు. భూషణ్‌కు రిమోట్ విమానాల పిచ్చి. కాని మెడ పట్టేసే జబ్బొకటి వచ్చి తల పైకెత్తి ఎక్కువసేపు చూడలేని స్థితికి వచ్చాడు. ఒక ఆదివారం నోవహును వాడా రోడ్డు మీదున్న వాళ్ల క్లబ్బు మైదానానికి తీసుకుపోయి రిమోట్ చేతికిచ్చాడు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు, ఎన్నో విరిగిన రెక్కలు.

"మేరీ గర్దన్ ఊపర్ నహీఁ జాతీ, తేరీ నీచే నహీఁ ఆతీ" అని నవ్వేవాడు భూషణ్. నా మెడ పైకి లేవదు, నీ మెడ కిందికి దిగదు అని. నిజమే. ఆకాశంలోకి చూస్తున్నంతసేపు నోవహు వేరే మనిషి. దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె లేని కొత్త రకం సాంచాలు వచ్చి అతని జాబర్ పని పోయింది. మాన్కోలి గోదాముల్లో సామాను కట్టే పనికి కుదిరాడు. అక్కడ పారేసే ఫోము అట్టలు తెచ్చి, కోసి, అతికించి నేర్చుకోవడానికి చిన్న విమానాలు చేసుకునేవాడు. పోటీలకు మాత్రం భూషణ్ విమానం. మనిషి చేతులు బార్లా చాపినంత రెక్కలు, ఎర్రటి ముక్కు.

ఆ పోటీ ఏమిటో చెప్పాలి. విమానం న్యాయనిర్ణేతల ముందు అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ పోతూ ఒక్కోసారికి ఒక్కో విన్యాసం చెయ్యాలి. లూప్, రోల్, నిట్టనిలువుగా ఎక్కి ఆగి తల తిప్పుకొని దిగడం, ఇట్లా. నడిపేవాడి కళ్లు విమానం మీదినుంచి కదలకూడదు. అందుకే పక్కన ఒకరు నిలబడి వరస తప్పకుండా తర్వాతిది ఏమిటో చెబుతారు. వాళ్లను కాలర్ అంటారు. నోవహుకు కాలర్ రూత్. లూప్, రోల్ అనే మాటలు ఆమె నోటికి ఎక్కలేదు. సొంత పేర్లు పెట్టుకుంది. లూప్‌కు గుండ్రం. గిర్రున తిరిగే రోల్‌కు కండె. నేరుగా పోతే నాడె.

"ఇప్పుడు కండె. నిమ్మళంగ. తర్వాత నిలువు" అనేది గంప మోసుకుంటూ నడిచే మనిషి గొంతుతో. పక్క జట్టు కుర్రాళ్లు నవ్వేవాళ్లు. నేను వెనక గొడుగు పట్టుకొని కూర్చునేవాణ్ణి. వాళ్లతోపాటు భూషణ్ కారులో అన్ని పోటీలకూ పోవడానికి ఆ గొడుగే నాకు టికెట్టు.

ఆ సీజన్‌లో మూడు పోటీలు. మొదటిది పుణె అవతల ఒక చక్కెర కర్మాగారం వెనక మైదానంలో. అక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. వెనక న్యాయనిర్ణేతల బల్ల దగ్గరనుంచి "పైలట్, రెడీ?" అని అడిగారు. నోవహు పలకలేదు. మళ్లీ అడిగారు. రూత్ వెనక్కి తిరిగి "రెడీ, రెడీ" అంది. ఆ రోజు నోవహు తన శ్రేణిలో రెండోవాడిగా నిలిచాడు. తిరుగు ప్రయాణంలో భూషణ్ దారి పొడుగునా వడాపావ్‌లు తినిపించాడు.

తర్వాతి ఆదివారం అభ్యాసంలో, రూత్ నా ఎదుటే ఒక పని చేసింది. నోవహు గుండ్రం తిప్పాల్సిన చోట "కండె" అంది. విమానం, అతనికి కంఠతా వచ్చిన వరస ప్రకారం, గుండ్రంగానే తిరిగింది. ఆమె ముఖం మారింది. మళ్లీ అదే గొంతుతో, అదే తీరుగా, "ఇంట్ల బియ్యం ఒడిసినయ్. నీ అంగీకి బొత్తాలు లెవ్వు. పాస్టరమ్మ పిల్లి మన శాపలెత్కపోయింది" అంది.

నోవహు ముఖంలో ఒక్క గీత కదల్లేదు. విమానం నిలువుగా ఎక్కింది, ఆగింది, తల తిప్పింది. చక్కగా దిగింది.

"ఇయ్యాల మంచిగ చెప్పినవే" అన్నాడు రిమోట్ కింద పెడుతూ.

రూత్ నావైపు చూసింది. నేను గొడుగు వైపు చూసుకున్నాను.

మా గల్లీలో అది వింతేమీ కాదు. సాంచాల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లందరికీ చెవులు మొద్దుబారతాయి. దానికి సాంచా చెవి అని పేరు. చేతికి కాయలు కాసినట్టు చెవికి అదొకటి అనుకుంటారు తప్ప చెవుడు అనరు. పెదవులు చూసి మాట పట్టేస్తారు. ప్రార్థనకు వచ్చినప్పుడు నోవహు ముందు బెంచీలో కూర్చునేది భక్తికొద్దీ అనుకునేవాణ్ణి. పాస్టరుగారి పెదవుల కోసమని ఆ రోజు తెలిసింది. ఎదుటికి వచ్చి మాట్లాడే మనుషుల మధ్య అతనికి లోటు తెలియలేదు. మాకూ తెలియలేదు. పైకి చూస్తూ నిలబడ్డ మనిషికి మాత్రం ఎవరి పెదవులు కనపడతాయి?

విమానం మోసుకొని నోవహు ముందు నడుస్తుంటే రూత్ నా పక్కకు వచ్చింది. "అన్నా, గీ ముచ్చట ఎవ్వల్తోని అనకు. బయటవడ్డదంటె మల్ల ఆ రిమోటు ముట్టనియ్యరు. విజిలేస్తె దించాలెనని కాక చెప్పిండు గదా. ఇనవడనోనికి ఎవరిస్తరు?"

కాక అంటే భీమ్‌రావు. పోటీలన్నిటికీ మైదానం భద్రత చూసే ముసలాయన. మెడలో ఎప్పుడూ విజిల్. ఆకాశంలోకి నిజం విమానమో హెలికాప్టరో వస్తే ఆయన పొడుగ్గా విజిల్ వేస్తాడు. ఎవరి విమానం ఏ విన్యాసంలో ఉన్నా వెంటనే కిందికి దిగాలి. ఆ మాటకు తిరుగు లేదు.

"నీకు ఇనవడ్తది గదా. నువ్వు చెప్తవు గదా" అన్నాను.

"ఎట్ల చెప్తనే? నోటితోనంటె ఇనడు. చేతితోని ముట్టుకుంటె..." ఆగిపోయింది. నర్సింగం ఇద్దరికీ గుర్తొచ్చాడు.

రెండో పోటీ నాసిక్ దాటాక. పొద్దున్నే చలి, తర్వాత కళ్లు చిట్లించేంత ఎండ. నోవహు విమానం నిలువుగా ఎక్కుతోంది. అంతలో దూరంగా టపటపమని చప్పుడు. పక్క ఊళ్లో ఏదో పెళ్లికి పెళ్లికొడుకును దించడానికి హెలికాప్టర్ తెప్పించారట. ద్రాక్షతోటల మీదుగా మావైపే వస్తోంది. భీమ్‌రావు విజిల్ వేశాడు.

రూత్ చెయ్యి పైకి లేచింది. నోవహు భుజం దాకా పోయింది. జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ చెయ్యి అట్లా గాలిలో ఉండిపోవడం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

మళ్లీ విజిల్. "నీచే! నీచే లావో!" అని, కిందికి దించమని అరుపులు.

అప్పుడు ఆమె, షెడ్డులో ఏం చేసేదో అదే చేసింది. చుట్టూ తిరిగి పరుగెత్తింది. నేలమీద సున్నంతో గీసిన గీత ఉంటుంది. దాని అవతలికి విమానం తప్ప పురుగు కూడా పోకూడదు. రూత్ ఆ గీత దాటి, మొగుడి కళ్లెదుట నిలబడి, అరచెయ్యి బోర్లించి రెండుసార్లు కిందికి అదిమింది. సాంచా ఆపు అని చెప్పే సైగ.

నోవహు చూపు ఆకాశంనుంచి ఆమె మీదికి దిగింది. పైన విమానం ఆగి ముక్కు కిందికి తిప్పుకుంటోంది. అతను చూడటం లేదు. భార్య పెదవులు చూస్తున్నాడు. "మీద బండొస్తుంది, దించూ!"

అతను తల పైకెత్తేసరికి విమానం సగం దిగిపోయింది. ఎర్రముక్కు నేరుగా రూత్ మీదికే వస్తోంది. నా చేతిలో గొడుగు ఎప్పుడు జారిందో తెలియదు. నోవహు వేళ్లు కదిలాయి. విమానం ఆమె తలమీదుగా పోయింది. కొంగు లేచి ముఖాన పడింది. మైదానం చివర గడ్డిలో పొట్టమీద దిగి ఆగింది. హెలికాప్టర్ ఎక్కడో ఎత్తున, ఏమీ ఎరగనట్టు పోయింది.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. గీత దాటినందుకు ఆ రౌండు సున్నా. "పాగల్ హై క్యా బాయీ? మరేగీ క్యా?" అని ఎవరో అరిచారు, పిచ్చిదానివా, చస్తావా అని. రూత్ కొంగు సర్దుకుంటూ నిలబడింది.

భీమ్‌రావు అరవలేదు. వచ్చి నోవహు వీపు వెనక నిలబడ్డాడు. మామూలు గొంతుతో, "నోవహూ, తేరా జూతా ఖులా హై" అన్నాడు. నీ బూటు లేసు ఊడింది అని. నోవహు కదల్లేదు. ముసలాయన కాసేపు ఆ వీపునే చూశాడు. తర్వాత నెమ్మదిగా చుట్టూ తిరిగి వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"కబ్ సే?"

ఎప్పటినుంచి అని అడిగిన ఆ పెదవులు నోవహు చదివాడు. "బహుత్ సాల్ సే, కాకా." చాలా ఏళ్లనుంచి.

"బతాయా క్యోఁ నహీఁ?" మరి చెప్పలేదేం?

"కిసీనే పూఛా నహీఁ." ఎవరూ అడగలేదు. అతను ఎదురు చెప్పడానికి అనలేదు. అది నిజం.

భూషణ్ చాలాసేపు బతిమాలాడు. చివరికి భీమ్‌రావు ఒక మాట చెప్పాడు. మూడో పోటీ మన వాడా రోడ్డు మైదానంలోనే. ఆ పొద్దున పోటీకి ముందు నోవహు ఒకసారి ఎగరెయ్యాలి. మధ్యలో ఎప్పుడో తాను విజిల్ వేస్తాడు. విమానం వెంటనే దిగిందా, పోటీలో ఉంటాడు. దిగలేదా, ఆ రోజుతో నోవహు రిమోట్ పట్టడం ఆఖరు. వేరే మైదానాలకూ తానే చెబుతాడు. "కల్ కో కిసీ బచ్చే పే గిరేగా తో?" అన్నాడు వెళ్తూ వెళ్తూ. రేపు ఏ పసివాడి మీదో పడితే?

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎవరూ వడాపావ్ మాట ఎత్తలేదు. నోవహు కిటికీలోంచి పైకే చూస్తూ కూర్చున్నాడు. కసారా ఘాట్ దిగాక ఒక్కమాట అన్నాడు. "కింద అందరు నాతోని ఒర్రుకుంట మాట్లాడ్తరు. మీద ఎవ్వలు ఒర్రరు." ఎవర్నీ ఉద్దేశించి అన్నట్టు లేదు.

చెవిలో పెట్టుకునే మిషన్ కొనిపించాడు భూషణ్. ఇంట్లో బాగానే ఉంది. మైదానానికి పోతే నోవహు దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. "గాలికి ఇది సాంచ లెక్క మొత్తుకుంటుంది. ఏం విజిలు, ఏం పాడు? ఆ షెడ్డు మల్ల చెవులకొచ్చినట్టున్నది."

మిగిలింది చెయ్యి ఒక్కటే. ఫోము విమానంతో మొదలుపెట్టారు. నేను విజిల్ నోట్లో పెట్టుకొని దూరంగా నిలబడ్డాను. ఊదగానే రూత్ అతని భుజం తట్టాలి. మొదటిసారి ఊదాను. ఆమె చెయ్యి ఎత్తింది, దించేసింది. రెండోసారీ అంతే. "తట్టవేందే?" అని అరిచాను. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకొని తట్టింది.

నోవహు పాము మీద కాలేసినట్టు ఎగిరాడు. రెండు చేతులూ ఛాతీకి తెచ్చుకొని వేళ్లు దాచుకున్నాడు. రిమోట్ మెడపట్టీకి వేలాడుతోంది. విమానం తుమ్మచెట్టుకు తగిలి ముక్కలైంది.

"ముట్టుకుంటె ఎగురుతవ్. ముట్టకుంటె ఇనవు. ఏం జెయ్యాలె నిన్ను?" రూత్‌కు ఏడుపొచ్చింది.

"జర చెప్పి ముట్టుకోవే!"

"ఎవనికి చెప్పాలె? నీ చెవులకా?"

నేను నవ్వకుండా ఉండలేకపోయాను. ఇద్దరూ నామీద పడ్డారు.

మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. మెల్లగా తట్టింది, గట్టిగా తట్టింది, మోచెయ్యి పట్టుకుంది. ఎట్లా ముట్టుకున్నా అతని ఒళ్లు వినలేదు. ఎన్నో ఏళ్లు ఆ ఒంటిని ఆ భయమే కాపాడింది. ఒక నెలలో పొమ్మంటే ఎట్లా పోతుంది? ఫోము అట్టలు అయిపోతున్నాయి. పోటీ దగ్గరికి వస్తోంది. "ఇడిసిపెడ్దాం తియ్యి. కాకకు ఫోన్ చేసి రానని చెప్త" అన్నాడు నోవహు ఒక సాయంత్రం, అన్నం ముందు నా పక్కన కూర్చొని.

వరాలా తలావ్ అనే చెరువు వెనక మా గదులు. గోడ అవతలే సాంచాల షెడ్డు. పగలంతా నేల సన్నగా అదురుతూ ఉంటుంది. స్టీలు గ్లాసులో నీళ్లు వలయాలు వలయాలుగా వణుకుతుంటాయి. మాకు అది ఉన్నట్టే తెలియదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. షెడ్డు ఆగిపోయింది.

నోవహు అన్నం కలుపుతూ చప్పున తలెత్తాడు. "సాంచాలు బందైనయ్" అన్నాడు.

రూత్ అతన్ని చూసింది. "నీకెట్ల ఎరుక?"

"ఎట్లేంది? ఆగినయ్ గదా."

"ఇనవడ్డదా?"

"ఇనవడలే. ఆగింది ఎరుకైంది." నేలమీద అరచెయ్యి పెట్టి చూపించాడు.

ఆ గల్లీలో అందరమూ అంతే. సాంచాలు ఆడుతుంటే పసిపిల్లలు కూడా హాయిగా పడుకుంటారు. ఆగితే లేచి ఏడుస్తారు. రూత్ అన్నం గిన్నె పక్కన పెట్టింది. లేచి, గోడకూ అతనికీ మధ్య దూరకుండా, వెనక్కే వెళ్లింది. "ఇగో, చెయ్యి పెడ్తున్న" అని వెనక్కి వెళ్లేముందే ఎదుటినుంచి సైగ చేసి చూపింది. రెండు భుజాల మధ్య వీపు మీద అరచెయ్యి ఆనించింది. అతను ఒకసారి బిగుసుకున్నాడు. కాసేపటికి మళ్లీ తినడం మొదలుపెట్టాడు. ఆమె అట్లాగే నిలబడింది. అతను దాన్ని మరిచిపోయి నాతో ఏదో మాట్లాడుతున్నాడు. అప్పుడు చెయ్యి తీసేసింది.

నోవహు మాట మధ్యలో ఆగిపోయాడు.

"గంతే. తట్టుడు లేదు. మొదట్నుంచి చెయ్యి ఉంటది. తీసిన్నంటె దించాలె" అంది రూత్ ఎదుటికి వచ్చి.

ఇంట్లో అయితే సరే. మైదానంలో, నలుగురిలో, మొగుడి వీపు మీద చెయ్యి వేసి నిలబడటం ఆమెకు ఆ గీత దాటడంకంటే కష్టమైంది. మొదటి ఆదివారం భూషణ్ ఊరుకోలేదు. "వదినా, పోటీకి వచ్చారా, ఫొటో దిగడానికి వచ్చారా?" అన్నాడు హిందీలో. చర్చి సంఘంలో ఆడవాళ్లకు ఎట్లా తెలిసిందో తెలిసింది. "ఏం రూతక్కా, లగ్గమైన కొత్తల గిట్ల పట్టుకోకపోతివి?" అని ఒకావిడ. రూత్ తల దించుకొని పోయేది. చెయ్యి మాత్రం దించలేదు. రోజులు గడిచేకొద్దీ నా విజిల్‌కూ విమానం ముక్కు వంగడానికీ మధ్య సందు తగ్గుతూ వచ్చింది.

పోటీ పొద్దున మైదానం నిండా మంచు. దూరంగా గోదాముల రేకులు తెల్లగా కనపడుతున్నాయి. భీమ్‌రావు వచ్చి రూత్ చేతిని చూశాడు. నియమాల్లో ఉందా లేదా అని కాసేపు గడ్డం గోక్కున్నాడు. "రిమోట్ కో హాథ్ నహీఁ లగానా" అన్నాడు చివరికి. రిమోట్ ముట్టుకోకూడదు. వీపు సంగతి ఆయన ఎత్తలేదు.

విమానం లేచింది. భీమ్‌రావు విజిల్ నోటి దగ్గర పెట్టుకొని అటూ ఇటూ నడుస్తున్నాడు. ఊదడం లేదు. గుండ్రం అయింది, కండె అయింది. ఎవరితోనో మాటల్లో పడ్డాడు. చాయ్ తెప్పించుకున్నాడు. ఆయన మరిచిపోయాడేమో అనుకున్నాను. మరిచిపోలేదు. విమానం తలకిందులుగా పోతుండగా, చాయ్ గ్లాసు నోటికి ఎత్తుతూనే రెండో చేత్తో విజిల్ ఊదాడు.

ఆమె చెయ్యి తీసింది. విమానం తిరగబడి, ముక్కు వంచి, తూనీగలా కిందికి వచ్చేసింది.

భీమ్‌రావు చాయ్ ఒక గుటక తాగాడు. "తుమ్హారా నంబర్ తీస్రా" అని వెళ్లిపోయాడు. పోటీలో మూడోగా ఎగరెయ్యాల్సింది నోవహు. భూషణ్ నన్ను వాటేసుకోబోయి మెడ పట్టేసి అక్కడే కూర్చున్నాడు.

అసలు పోటీకి ఇక భయం లేదనుకున్నాం. నోవహు వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది, గాలి మొదలైంది. మొదటి నాలుగు విన్యాసాలు నేను చూసినవాటిల్లో అన్నిటికంటే బాగా వచ్చాయి. రూత్ అతనికి వినపడదని తెలిసినా చెబుతూనే ఉంది. "ఇప్పుడు కండె. నిమ్మళంగ." విమానం న్యాయనిర్ణేతల ముందుకు వచ్చి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఆ రోల్ మైదానం ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే వేగంతో సాగాలి.

విజిల్ వినపడింది.

పొడుగు విజిల్. నేను వెనక్కి చూశాను. బల్ల దగ్గర జనం అడ్డం ఉన్నారు. భీమ్‌రావు కనపడటం లేదు. ఆకాశంలో ఏమీ లేదు. మళ్లీ విజిల్. అప్పుడు గాలివాటుకు తెలిసింది, అది గోదాముల వైపునుంచి. గేటు దగ్గర వాచ్‌మన్, లారీని వెనక్కి తోలిస్తున్నాడు. నాకు తెలిసింది సరే. రూత్‌కు తెలిసిందా? చెయ్యి తీస్తే నోవహు దించేస్తాడు, పోటీ పోతుంది. తీయకపోతే, అది నిజంగా కాక విజిలే అయితే, రిమోటే పోతుంది. గీత దాటిన మనిషిని రెండోసారి ఎవరూ క్షమించరు.

ఆమె వేళ్లు లేచాయి. అరచేతి అంచు మాత్రం ఆనుకొని ఉంది. నోవహు వీపు బిగుసుకుంది. పైన విమానం రోల్ మధ్యలో తడబడింది. ముక్కు కొంచెం కిందికి వంగింది. రూత్ మెడ తిప్పి జనాల మధ్యలోంచి వెతుకుతోంది. నేను గొడుగు పడేసి రెండు చేతులూ ఊపాను. ఆమె నన్ను చూడటం లేదు, భీమ్‌రావు కోసమే చూస్తోంది.

జనంలోంచి ముసలాయన బయటికి వచ్చాడు. విజిల్ మెడలో వేలాడుతోంది. తానూ అదే అయోమయంలో గోదాముల వైపు చూసి, ఆమెవైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. రూత్ వేళ్లు మళ్లీ ఆనాయి. ఒక్కొక్కటిగా కాదు, గట్టిగా, అరచెయ్యి మొత్తం. విమానం ముక్కు ఎత్తుకొని మిగిలిన రోల్ పూర్తి చేసుకుంది. ఆ విన్యాసానికి మార్కులు పోయాయి. ఎవరు చూసినా తెలుస్తుంది. తర్వాతివన్నీ అతను చేశాడు. వరసలో నాలుగోవాడయ్యాడు. ఆ సంగతి మాకు సాయంత్రం తెలిసింది. తెలిసినా పెద్దగా పట్టలేదు.

విమానం దిగింది. పరుగెత్తి, నెమ్మదించి, నున్నటి నేల దాటి గడ్డిలో ఆగింది. నోవహు రిమోట్ పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. రూత్ కూడా. తర్వాతి పైలట్ వచ్చి పక్కన ఎదురుచూస్తున్నాడు.

"అరే ఉతర్ గయా! హాథ్ నికాలో బాయీ!" అన్నాడు భీమ్‌రావు. దిగింది కదా, చెయ్యి తియ్యి అని. అందరూ నవ్వారు. ఈసారి ఆయన ముఖమ్మీద కూడా నవ్వుంది.

నోవహు మెడ తిప్పి భార్యవైపు చూశాడు. "నడిమిట్ల ఏమైందే? సగం తీసి మల్ల పెట్టినవ్. నా పానం గొంతులకొచ్చింది."

"అది వేరే విజిలు. లారోనిది." ఆమె పెదవులు అతనికి కనపడేటట్టు మెల్లగా చెప్పింది.

"సరే, తియ్యి మరి. అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి. బ్యాటరీ తీసినంక తీస్త. నువ్వు నడువు."

అతను నడిచాడు. వెనకనుంచి వీపు మీద చెయ్యి అట్లాగే ఉంచి ఆమె కూడా నడిచింది. సున్నపు గీత దగ్గర ఒకసారి ఆగి భీమ్‌రావు వైపు చూసింది. ఆయన పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఇద్దరూ గీత దాటి, గడ్డిలో విమానం దగ్గరికి పోయారు.